బండి నీడ మనకు నీడ కాదు: వాహనాలు నిలిపే స్థలంలో నడిచేవారి భద్రత



ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ మనసంతా రోగి మీదే ఉంటుంది. లింగంపేట, గాంధారి, తాడ్వాయి, నాగిరెడ్డిపేట వైపు పల్లెల నుండి తెల్లవారకముందే బయలుదేరి, ఆటోలోనో, ట్రాక్టర్‌లోనో, బస్సులోనో కామారెడ్డికో ఎల్లారెడ్డికో చేరుకుంటారు. పెద్ద రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసి, పిల్లల చేయి పట్టుకుని జాగ్రత్తగానే దాటుతారు. ఆసుపత్రి గేటు లోపల అడుగు పెట్టగానే “హమ్మయ్య, వచ్చేశాం” అనుకుంటారు. పిల్లల చేయి వదిలేస్తారు. ఇక బండ్ల భయం లేదనుకుంటారు.

ఈ పాఠం ఆ గేటు లోపల ఉన్న ప్రమాదం గురించి. ఆసుపత్రి ఆవరణ, బస్టాండు, ఫంక్షన్ హాలు, సంత, గుడి, చర్చి, మసీదు ముందు ఖాళీ స్థలం, అపార్టుమెంటు సెల్లార్ వంటివన్నీ వాహనాలు నిలిపే చోట్లే. అక్కడ బండ్లు నెమ్మదిగా కదులుతాయి. నెమ్మదిగా కదిలే బండి ఏం చేస్తుందిలే అనుకోవడమే మన పొరపాటు. చిన్న కారు కూడా 700 నుండి 900 కిలోల బరువు ఉంటుంది. అది నడక వేగంతో వచ్చినా, చక్రం కింద పడిన పసివాడి ఛాతీ ఆ బరువును తట్టుకోలేదు.

మన దేశంలో నడిచేవారి ప్రాణాలు ఎంత చౌకగా పోతున్నాయో కేంద్ర రవాణా శాఖ లెక్కలే చెబుతున్నాయి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడుచుకుంటూ వెళ్తున్నవారే. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

మన దగ్గర జరిగిన రెండు సంఘటనలు

మొదటిది హైదరాబాద్ హయత్‌నగర్‌లో 2023 మే 24న జరిగింది. కర్ణాటకలోని కలబురగి వైపు నుండి పని కోసం వచ్చిన ఒక తల్లి అక్కడ భవన నిర్మాణ పనిలో ఉంది. మే నెల ఎండ. సుమారు మూడేళ్ళ కూతురిని ఎండలో ఉంచలేక, పక్కనే ఉన్న అపార్టుమెంటు పార్కింగ్ స్థలంలో నీడన పడుకోబెట్టింది. పాప నిద్రపోయింది. అపార్టుమెంటులోకి వచ్చిన కారు తన స్థలంలో నిలపడానికి ముందుకు కదిలి, పాప మీదుగా వెళ్ళింది. పాప ప్రాణం పోయింది.

ఆ తల్లి నిర్లక్ష్యంగా లేదు. బిడ్డకు ఎండ తగలకూడదని నీడ వెదికింది. అక్కడ దొరికిన నీడ బండ్లు నిలిపే నీడ. ఈ విషయాన్ని ప్రతి కుటుంబం గుర్తుంచుకోవాలి.

రెండవది విజయవాడలో జరిగింది. 2023 నవంబరు 6న పండిట్ నెహ్రూ బస్టాండులో 12వ నంబరు ప్లాట్‌ఫారం దగ్గర ఆగి ఉన్న బస్సు, వెనక్కి వెళ్ళవలసింది పోయి ముందుకు దూసుకువచ్చి ప్లాట్‌ఫారం మీదికి ఎక్కింది. అక్కడ ఉన్నవారిలో ముగ్గురు చనిపోయారు. వారిలో ఒక చిన్నారి కూడా ఉంది. రివర్స్ గేరుకు బదులు ముందుకు వెళ్ళే గేరు పడిందని అధికారులు తొలి విచారణలో చెప్పారు. ప్రయాణికులు నిలబడింది రోడ్డు మీద కాదు, వారి కోసం కట్టిన ప్లాట్‌ఫారం మీదే.

ఈ రెండు సంఘటనలూ మనకు ఒకటే నేర్పుతున్నాయి. ఆగి ఉన్న బండి ఎప్పుడైనా కదలవచ్చు. ఎటువైపైనా కదలవచ్చు.

డ్రైవర్‌కు మనం ఎందుకు కనిపించం?

“అంత పెద్ద మనిషిని, అతనికి కనబడనా?” అని చాలామంది అనుకుంటారు. డ్రైవర్ సీటులో ఒకసారి కూర్చుని చూస్తే సంగతి తెలుస్తుంది. ప్రతి వాహనం చుట్టూ డ్రైవర్ కంటికి అందని చోట్లు ఉంటాయి.

1. కారు వెనుక అద్దం కింది భాగం నేల నుండి మూడు అడుగుల కంటే ఎత్తులో ఉంటుంది. దాని వెనుక దగ్గరగా నిలబడిన మూడేళ్ళ బాబు గాని, కూర్చుని ఉన్న పెద్ద మనిషి గాని డ్రైవర్‌కు కనిపించరు.
2. ఎత్తయిన జీపులు, బస్సులు, లారీల ముందు కూడా ఇదే పరిస్థితి. బానెట్‌కు ఆనుకుని నిలబడిన పిల్లవాడు డ్రైవర్‌కు కనిపించడు.
3. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి గడ్డిగాని, బస్తాలుగాని నింపితే వెనుక భాగం పూర్తిగా మరుగున పడుతుంది. పాత ట్రాక్టర్లకు వెనక్కి వచ్చేటప్పుడు వెలిగే లైటు గాని, మోత గాని ఉండదు.
4. బ్యాటరీతో నడిచే స్కూటర్లు, ఆటోలు, కార్లు దాదాపు చప్పుడు చేయకుండా కదులుతాయి. చెవితో విని తప్పుకునే అలవాటున్న పెద్దవారికి ఇవి కొత్త ప్రమాదం.

ఒక చిన్న లెక్క చూడండి. కారు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తే సెకనుకు సుమారు 9 అడుగులు కదులుతుంది. కారు వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ ఆ వెడల్పు దాటడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. ఆ రెండు సెకన్లలో కారు 18 అడుగులు వచ్చేస్తుంది. కాబట్టి “అది వచ్చేలోపు దాటేస్తాను” అనే లెక్క సరికాదు.

అమెరికాలో 2002లో ఒక తండ్రి ఇంటి ముందు కారు వెనక్కి తీస్తుండగా రెండేళ్ళ సొంత కొడుకే దాని కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరుతో 2008లో అక్కడ చట్టం వచ్చింది. దాని ప్రకారం 2018 మే నుండి అక్కడ తయారయ్యే కొత్త కార్లన్నింటికీ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జూలై 1 నుండి తయారైన కార్లకు వెనుక అడ్డం ఉంటే మోగే పరికరం తప్పనిసరి చేశారు. అయితే అంతకు ముందు తయారైన కార్లలో చాలావాటికి, మన పల్లెల్లో తిరిగే ఆటోలకు, ట్రాక్టర్లకు అది ఉండదు. ఉన్న కార్లలో కూడా నేల మీద పడుకున్న బిడ్డను ఆ పరికరం పసిగట్టకపోవచ్చు. పరికరం ఉందని మనం నిశ్చింతగా ఉండరాదు.

రోగుల కుటుంబాలకు ప్రమాదం ఎందుకు ఎక్కువ?

* రాత్రంతా మంచం పక్కన మేలుకుని ఉంటారు. నిద్రలేని కంటికి కదిలే బండి ఆలస్యంగా తెలుస్తుంది.
* ఒక చేతిలో మందుల చీటీ, మరొక చేతిలో సెల్‌ఫోన్ ఉంటాయి. “ఆపరేషన్ అయిందా?” అని ఊరి నుండి ఫోన్లు వస్తూనే ఉంటాయి.
* కంటి ఆపరేషన్ అయిన రోగికి ఒక కన్ను మూసి ఉంటుంది. ఒక కంటితో బండి ఎంత దూరంలో ఉందో సరిగా తెలియదు. ఆ వైపు నుండి వచ్చేది అసలే కనిపించదు.
* మత్తు ఇచ్చి చికిత్స చేసినవారు, బి.పి., నిద్ర మందులు వాడేవారు తూలవచ్చు. కాలికి పట్టీ ఉన్నవారు తప్పుకోలేరు. వీల్ చైర్‌లో ఉన్నవారు ఎత్తు తక్కువ కాబట్టి డ్రైవర్‌కు కనిపించరు.
* అన్నిటికంటే ముఖ్యమైనది: లోపల రోగి ఒక్కరే ఉంటారు, బయట ఇంటిల్లిపాది ఉంటారు. చెట్టు కింద చాప పరుస్తారు. చోటు చాలకపోతే ఆగి ఉన్న జీపు పక్కన, ట్రాలీ కింద కూర్చుంటారు. అక్కడే సద్ది విప్పుతారు, అక్కడే పిల్లలను పడుకోబెడతారు.

ఆ బండి తోలేవాడు మందుల దుకాణం నుండి తొందరగా వచ్చి, నేరుగా సీటులో కూర్చుని బండి తీస్తాడు. తన బండి కింద ఎవరో పడుకుని ఉంటారని అతనికి తోచదు. అందుకే మళ్ళీ చెబుతున్నాం: బండి నీడ మనకు నీడ కాదు. బండి కదిలితే నీడ కూడా కదులుతుంది.

నడిచేవారు పాటించవలసిన నియమాలు

1. ఆగి ఉన్న ఏ వాహనం పక్కన, కింద, వెనుక కూర్చోవద్దు, పడుకోవద్దు. వంట చేయవద్దు. వరండా, వెయిటింగ్ హాలు, గోడకు అవతల ఉన్న చెట్టు నీడ చూసుకోండి. చోటు లేకపోతే వార్డు సిస్టర్‌ను గాని, వాచ్‌మన్‌ను గాని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.
2. రెండు బండ్ల మధ్య నుండి దూరి రావద్దు. నాలుగు అడుగులు ఎక్కువైనా చుట్టూ తిరిగి, డ్రైవర్లకు కనిపించే దారిలో నడవండి.
3. బండి వెనుక తెల్ల లైటు వెలిగినా, ఇంజను చప్పుడు వినిపించినా, డ్రైవర్ సీటులో మనిషి ఉన్నా ఆ బండి కదలబోతోందని తెలుసుకోండి. ఆగండి. డ్రైవర్ మిమ్మల్ని చూశాడని రూఢి అయ్యాకే దాటండి.
4. నడిచేటప్పుడు ఫోన్ మాట్లాడవద్దు. ఫోన్ వస్తే ఒక పక్కకు వెళ్ళి నిలబడి మాట్లాడండి.
5. రాత్రిపూట తెల్లని కండువా గాని, లేత రంగు దుప్పటి గాని కప్పుకోండి. ఫోన్ లైటు వేసుకుని నడవండి.
6. రోగిని నడిపించేటప్పుడు బండ్లు వచ్చే వైపు మీరు ఉండండి, లోపలి వైపు రోగిని ఉంచండి. కంటికి పట్టీ ఉంటే పట్టీ ఉన్న వైపు మీరు నడవండి.

పిల్లల విషయంలో

చిన్నపిల్లలు బండి వేగాన్ని, దూరాన్ని సరిగా అంచనా వేయలేరు. నాయనమ్మ కనబడితే చాలు, పరుగెత్తుతారు. బంతి బండి కిందికి పోతే వెనుకనే దూరుతారు. దొంగాట ఆడుకోవడానికి వారికి బండ్ల వరుసలే నచ్చుతాయి. అందువల్ల:

* బండి దిగే ముందే చేయి పట్టుకోండి. వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోండి. వేళ్ళు విదిలించుకోవడం పిల్లలకు తేలిక.
* సామాను దించేటప్పుడు పిల్లలను ఒక పెద్దవారికి అప్పగించండి. “అందరం ఉన్నాం కదా” అనుకుంటే ఎవరూ చూడరు. “ఇప్పుడు పిల్లలు నీ బాధ్యత” అని ఒకరి పేరు పెట్టి చెప్పండి.
* “తెల్ల లైటు వెలిగితే బండి వెనక్కి వస్తుంది, ఆగు” అని నేర్పండి. రెండు మూడు సార్లు చూపిస్తే నాలుగేళ్ళ పిల్లలకు కూడా గుర్తుంటుంది. అయినా చేయి మాత్రం వదలవద్దు.
* రోగి దగ్గరకు పిల్లలను తేవలసిన అవసరం లేకపోతే ఇంటి దగ్గర పెద్దవారి వద్ద ఉంచి రండి.

బండి నడిపేవారు మన ఇంటివారే

ఆటో తోలే బావమరిది, ట్రాక్టర్ తెచ్చిన చిన్నాయన, కారు నడిపే అల్లుడు కూడా మనవారే. వారికి ఈ మాటలు చదివి వినిపించండి.

1. బండి ఎక్కే ముందు ఒకసారి చుట్టూ తిరిగి, వంగి కిందికి చూడాలి. పది సెకన్ల పని.
2. నిలిపేటప్పుడే ముందుభాగం బయటి వైపు ఉండేలా పెట్టుకోవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎదురుగా చూస్తూ బయటికి రావచ్చు.
3. వెనక్కి తీసేటప్పుడు పాటలు ఆపి, అద్దం దించి, ఒక మనిషిని దించి చూపించుకోవాలి. ఆ మనిషి బండికి నేరుగా వెనుక నిలబడకుండా, పక్క అద్దంలో కనిపించేలా నిలబడాలి. అతను కనిపించకుండా పోతే వెంటనే ఆపాలి.
4. బండి దిగితే హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి తీసుకోవాలి. పల్లంగా ఉన్నచోట చక్రం కింద రాయి పెట్టాలి.
5. మైనర్ పిల్లవాడికి “కొంచెం పక్కకు పెట్టు” అని బండి ఇవ్వవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ నేరానికి తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

బస్టాండులో

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుండి బస్టాండులో రద్దీ పెరిగింది. సీటు కోసం ఇంకా ఆగని బస్సు వెంట పరుగెత్తడం, కిటికీలోంచి కండువా వేయడం చూస్తూనే ఉన్నాం. బస్సు పూర్తిగా ఆగేవరకు ప్లాట్‌ఫారం దిగవద్దు. ప్లాట్‌ఫారం అంచున కాకుండా రెండు మూడు అడుగులు వెనుక నిలబడండి. పిల్లలను, సామానును గోడ వైపు ఉంచండి. బస్సు వెనుక నుండి దాటవద్దు. డిశ్చార్జ్ అయిన రోగి ఉంటే కండక్టర్‌కు చెప్పండి, నిదానంగా ఎక్కిస్తారు. ఒక బస్సు పోతే ఇంకొకటి వస్తుంది.

దెబ్బ తగిలితే ఏం చేయాలి?

1. గట్టిగా కేక వేసి బండి ఆపించండి. ఇంజను ఆపి హ్యాండ్ బ్రేక్ వేయించండి. మనిషి ఎక్కడ ఇరుక్కున్నారో చూడకుండా బండిని ముందుకు గాని వెనక్కి గాని కదపనివ్వవద్దు.
2. ఆసుపత్రి ఆవరణలో అయితే ఒకరు క్యాజువాల్టీకి పరుగెత్తి స్ట్రెచర్ తెప్పించండి. బయట అయితే 108కి ఫోన్ చేయండి.
3. కాళ్ళూ చేతులూ పట్టి మోయవద్దు. మెడ కదలకుండా తలను రెండు చేతులతో అలాగే పట్టుకోండి.
4. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడవద్దు. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టవద్దు.
5. నీళ్ళు, టీ, సోడా ఏదీ తాగించవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు. స్పృహ లేనివారికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
6. స్పృహ లేక, శ్వాస ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేవరకు ఆపవద్దు.

పైకి కనిపించని దెబ్బలు

“మెల్లగానే తగిలింది, ఏం కాలేదు” అని డ్రైవర్ దగ్గర కొంత డబ్బు తీసుకుని రాజీపడి ఇంటికి వెళ్ళిపోవడం మన దగ్గర మామూలు. ఇది చాలా ప్రమాదం. చక్రం కడుపు మీదుగా వెళ్ళిన బిడ్డకు పైన గీత కూడా ఉండకపోవచ్చు. పిల్లల ఎముకలు మెత్తగా వంగుతాయి కాబట్టి విరగకుండానే లోపల కాలేయం, ప్లీహం చిట్లవచ్చు. గంటల తరువాత బిడ్డ పాలిపోయి, చెమటలు పట్టి, కడుపు ఉబ్బుతుంది. పాదం మీదుగా చక్రం వెళ్తే చర్మం బాగానే ఉన్నట్టు కనిపించినా, లోపల కండ నుండి విడిపోయి రెండు మూడు రోజుల్లో నల్లబడవచ్చు. పడిపోయిన అవ్వ లేవలేకపోయి, ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉంటే అది తుంటి దగ్గర ఎముక విరిగిన గుర్తు. అటువంటి కాలిని రుద్దవద్దు, లాగవద్దు.

బండి తగిలిన ప్రతి ఒక్కరినీ డాక్టర్‌కు చూపించండి. ఇంటికి పంపిన తరువాత కూడా రెండు రోజులు కనిపెట్టి ఉండండి. వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, ముక్కు లేదా చెవి నుండి రక్తం లేదా నీరు, కడుపు నొప్పి, మూత్రంలో రక్తం, వేళ్ళు చల్లబడటం వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా పరీక్ష తప్పనిసరి.

పోలీసు కేసు భయం వద్దు

గాయపడినవారిని తెచ్చినవారిని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. 2019లో అది చట్టంలోకి కూడా వచ్చింది. మంచి మనసుతో సహాయం చేసినవారు తమ పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఢీకొట్టిన డ్రైవర్ గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం చట్టం ప్రకారం అతని విధి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే 5న ప్రకటించబడింది. దాని గురించి ఆసుపత్రి కౌంటర్‌లో అడగండి.

ఆవరణ చూసుకునేవారికి మనం చెప్పవలసినది

జాగ్రత్త పడమని ఎండలో నిలబడిన తల్లికి చెబితే సరిపోదు, ఆమెకు నీడ చూపించాలి. బండ్లకు దూరంగా రోగుల బంధువులకు ఒక రేకుల షెడ్డు, తాగునీరు, నడిచేవారికి సున్నంతో గీసిన వేరే దారి, లోపలికి ఒక గేటు బయటికి ఒక గేటు, గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్, రాత్రి వెలుగు ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. వీటిలో చాలావరకు పెద్ద ఖర్చు లేనివే. ఆసుపత్రిలోగాని, ఫంక్షన్ హాలులోగాని, మీ ఊరి సంతలోగాని ఇవి లేకపోతే బాధ్యులను అడగండి. నలుగురూ కలిసి అడిగితే తప్పక వింటారు.

చదివినది గుర్తుందా? మీలో మీరు ప్రశ్నించుకోండి

1. బండి వెనుక తెల్ల లైటు వెలిగితే దాని అర్థం ఏమిటి?
2. కంటికి పట్టీ ఉన్న రోగిని నడిపించేటప్పుడు మీరు ఏ వైపు ఉండాలి?
3. చక్రం మీదుగా వెళ్ళినా బిడ్డ ఏడుపు ఆపేసి ఆడుకుంటున్నాడు. అయినా డాక్టర్‌కు ఎందుకు చూపించాలి?
4. ఈ రోజు మీ పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు? ఎవరు చూస్తున్నారు?

నాలుగవ ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పలేకపోతే, ఈ పుస్తకం పక్కన పెట్టి ముందు బయటికి వెళ్ళి పిల్లలను చూసి రండి. తరువాత దీనిని పక్క మంచం వారికి ఇవ్వండి. చదువు రానివారు ఉంటే మీరే చదివి వినిపించండి.